జమ్మి కట్టెల మంట

ఎమిరేట్స్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు,



కార్తీక వనభోజనాల ప్రకటన నాకు నాలుగు వైపుల నుంచి అందింది. ‘నిర్మానుష్యమైన ఎడారిలో ఒక రాత్రి. ఫోర్ బై ఫోర్ బండి ఉంటే చాలు, అనుభవం అక్కర్లేదు. భోజనాలు మావి, ఉత్సాహం మీది.’ ఆ మాటల కింద ఇసుక తిన్నె మీదికి ఎగబాకుతున్న ల్యాండ్ క్రూజర్ బొమ్మ. నేను ముందు ఆ బండి చక్రాలు చూశాను. గాలి నిండుగా ఉంది. రోడ్డు మీద తీసిన ఫొటోను కత్తిరించి తిన్నె మీద అతికించి ఉంటారు. అంత బిగుతుగా ఉన్న టైర్లతో ఏ బండీ అక్కడిదాకా ఎక్కదు, కింద మలుపులోనే కూరుకుపోతుంది.

నవ్వుకొని ఊరుకుందామనుకున్నాను. కానీ నిరుడు ఇలాంటి ప్రయాణంలో నేనూ ఉన్నాను. పదకొండేళ్లుగా ఈ ఇసుకలో బండి తిప్పుతున్నవాణ్ణని నన్ను చివరి బండిలో పెట్టారు. ముందు బండి దారి వెతుకుతుంది, చివరి బండి మనుషుల్ని లెక్కపెడుతుంది. ఆ రాత్రి జరిగినదాంట్లో నాకూ వాటా ఉంది. అది ఎక్కడా చెప్పుకోలేదు. ఒక్క సంఘానికి రాస్తే ఆ సంఘాన్ని వేలెత్తి చూపినట్టవుతుందని అందరికీ కలిపి రాస్తున్నాను. నిరుటి నిర్వాహకులెవరో అడగకండి. ఎవరైనా అలాగే చేసేవారు. నేను చేయలేదా?

మదామ్ రోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకు కలవాలనుకున్నాం. పదిహేడు బండ్లు కూడేసరికి మూడున్నర. ఆలస్యం మనకు కొత్త కాదు, పెళ్లి ముహూర్తాలే జరిపించుకుంటాం. అయితే నవంబరులో ఇక్కడ అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. తిన్నెకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు నెమ్మదిగా లేస్తుంది, అవతలి వైపు కత్తితో కోసినట్టు దిగిపోతుంది. ఆ అంచు ఎక్కడుందో ఏటవాలు ఎండలో నీడను బట్టి తెలుస్తుంది. సూర్యుడు దిగిపోయాక నీడలు పోతాయి, ఇసుకంతా ఒకే రంగులోకి వచ్చేస్తుంది, అంచు కంటికి ఆనదు. వేగంగా అంచు దాటితే బండి గాల్లోకి లేచి ముక్కు మీద పడుతుంది. భయపడి అంచు మీద ఆగితే పొట్ట మీద కూర్చుంటుంది, నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతాయి. వాలును అడ్డంగా కోసుకుంటూ దిగబోతే దొర్లుతుంది. రెండున్నర గంటల ఆలస్యం అంటే వెలుతురున్న నాలుగున్నర గంటలు రెండు గంటలకు కుదించుకుపోవడం. మన ప్రకటనల్లో సమయం వేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తీయాలి. ముప్ఫై అయిదు నుంచి పదిహేనుకు. ఇది చెబితే మనవాళ్లు పంక్చరు అయినట్టు కంగారు పడతారు. ఒకాయన ‘షోరూం వాడు ముప్ఫై అయిదు పెట్టమన్నాడు సార్’ అని వాదనకు దిగాడు. నిలబడి ఉన్న ఒంటె పాదం చూడండి. మెత్తటి, వెడల్పాటి దిండు. నేల మీద మోపగానే పరుచుకుంటుంది. గాలి తగ్గిన టైరూ అంతే, అడ్డంగా కన్నా పొడవుగా ఎక్కువ సాగి ఇసుక మీద పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి దిగబడదు. మరీ పదికి తెస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. ఆ వాదన పెట్టుకున్నాయన ఇరవై ఎనిమిది దగ్గర రాజీపడ్డాడు. మొదటి అరగంటలో నాలుగుసార్లు కూరుకుపోయాడు. కూరుకున్న ప్రతిసారీ కసిగా యాక్సిలేటరు తొక్కాడు. తొక్కినకొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. దిగి, చక్రాల చుట్టూ ఉన్న ఇసుక చేత్తో తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి వస్తే నూటికి తొంభైసార్లు బయటపడొచ్చు. దానికి ముందు ఇంజను ఆపాలి. అది ఆయన వల్ల కాలేదు.

అయిదోసారి తాడు తీశాం. నేను నడిచి వచ్చేలోపే ఒక కుర్రాడు ఆ తాడును వెనక బండి ట్రెయిలరు గుండుకు తగిలించేశాడు. నేను అరిచిన అరుపుకు ఆడవాళ్లు బండ్లలోంచి దిగారు. ఆ గుండు ట్రెయిలరు లాగడానికి చేసింది, కూరుకున్న బండిని గుంజడానికి కాదు. ఆ గుంజుడుకు అది విరిగిందంటే ఫిరంగి గుండే, ముందు బండి అద్దం పగలగొట్టుకొని మనిషి మీదికి పోతుంది. ప్రాణాలు పోయిన సంగతులు ఉన్నాయి. బండి చట్రానికి వేసిన కొక్కెం వేరే ఉంటుంది. తాడు తగిలించాక చుట్టుపక్కల ఎవరూ నిలబడకూడదు. ఫొటోలు తీసేవాళ్లు అసలే నిలబడకూడదు. ఈ ఒక్క సంగతైనా ప్రకటన వెనక అచ్చు వేయించండి.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులు. ఒక శనివారం పొద్దున అల్ బదాయర్ ఇసుక తిన్నెల దగ్గర నాలుగు గంటలు గడిపితే చాలు. నేను రాయాలనుకున్నది దీని గురించి కాదు, తర్వాతి సంగతి గురించి.

అనుకున్న చోటికి చేరలేకపోయాం. ఫాసిల్ రాక్ అనే కొండ కనబడేంత దూరంలో చీకటి పడింది. అక్కడొక పల్లంలో అయిదారు చెట్లు గుంపుగా ఉన్నాయి. గాలి కాస్త తెరపిచ్చింది. పదిహేడు బండ్లూ ఆ చెట్ల కిందికి, మొదళ్ల దాకా తోలుకొచ్చి ఆపాం. చాపలు పరిచాం. కరామా కొట్లో కొన్న ఉసిరికాయల గిన్నె ఒకటి చెట్టు మొదట్లో పెట్టాం, వనభోజనమన్న పేరు నిలబెట్టుకోవడానికి. ఉసిరి చెట్టు లేకపోయినా ఉసిరికాయ ఉంది కదా అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. చలి మొదలైంది. అప్పుడు తెలిసింది, కట్టెల బస్తాలు ఎక్కించిన బండి రానేలేదని. ఆ ఇంట్లో పిల్లవాడికి జ్వరమొస్తే పొద్దున్నే మానుకున్నారు. చివరి బండిలో కూర్చొని మనుషుల్ని లెక్కపెట్టిన నేను కట్టెలు లెక్కపెట్టలేదు.

ఒకరి దగ్గర చేతి రంపం ఉంది.

‘ఏం చెట్టిది?’ అని ఎవరో అడిగారు. ‘సర్కారు తుమ్మ’ అన్నాను. నిజంగా నేనే అన్నాను. మా గూడెం చుట్టుపక్కల చెరువు గట్ల మీద, రైలు పట్టాల పక్కన మొలిచే దిక్కుమాలిన కంప. పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఇక్కడ రోడ్ల పక్కన కూడా బోలెడుంది. సన్నటి ఆకులు, ముళ్లు, వంకర కొమ్మలు, టార్చి వెలుతురులో అలాగే కనబడింది. కింది వరసలో ఆకులు రాలిన కొమ్మ ఒకటి చూసి ఎండిందనుకున్నాం. కోస్తుంటే రంపం పట్టేసింది. లోపల పచ్చి. అయినా మొదలుపెట్టాం కదా అని పూర్తిచేశాం. దానితో పాటు ఆకులున్న రెండు పిల్లకొమ్మలు కూడా విరిగి పడ్డాయి. పెట్రోలు చల్లి అంటించాం. మంట కన్నా పొగ ఎక్కువ. స్పీకరులో పాత సినిమా పాటలు. పులిహోర, చికెన్ పులావు, గోంగూర.

తొమ్మిది దాటాక తిన్నె మీద ఒక మనిషి కనబడ్డాడు. టార్చి లేదు. మెల్లగా దిగివచ్చి వెలుతురు అంచున నిలబడ్డాడు. తలకు గుడ్డ, మీద పాత సైనిక కోటు. ఎవరో హిందీలో ‘క్యా చాహియే భాయ్’ అన్నారు.

‘పాట ఇనవడ్డది, అచ్చిన’ అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత అందరం ఒక్కసారే మాట్లాడాం. జగిత్యాల దగ్గర పల్లె. తిన్నెకు అవతల అతని అర్బాబుది, అంటే యజమానిది, ఒంటెల దొడ్డి ఉంది. తొమ్మిదేళ్ల నుంచి ఒంటెలు కాస్తున్నాడు. రెండేళ్లకోసారి ఇంటికి పోవాలి, ఈసారి మూడో ఏడు నడుస్తోంది. ఇదంతా అడిగితే చెప్పాడు. చాప మీద కూర్చోమంటే ఇసుకలోనే కూర్చున్నాడు. కాగితపు పళ్లెంలో పులిహోర పెట్టారు. తింటూ మంట వైపు చూశాడు. లేచి వెళ్లి పక్కన పడేసిన ఆకుల కొమ్మను తిప్పి చూశాడు.

‘పొయ్యిల జమ్మి వెట్టిన్రేందన్నా?’ అన్నాడు.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. ‘ఇది సర్కారు తుమ్మ కాదా?’ అన్నాన్నేను. ‘తుమ్మకు కణుపు కాడ ఇంతింత ముండ్లుంటయి. దీనికి సూడు, గీడొకటి గాడొకటి, సిన్న సిన్నయి. మా ఊర్ల దసరాకు మొక్కుతం.’ ఆ కొమ్మ నుంచి రెండు రెమ్మలు తుంచాడు. మాలో ఒకరి తల్లి భీమవరం నుంచి చూడటానికి వచ్చి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. మడత కుర్చీలో శాలువా కప్పుకొని కూర్చున్నారు. ఆమె దగ్గరికి పోయి ఆ ఆకులు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టాడు. ‘దసరాకు పెద్దోళ్లెవ్వలు దొరకలే పెద్దమ్మా. గీ దొడ్ల నేను, ఇద్దరు సూడానోళ్లు. బంగారం ఎవలకు పెడుత?’

తెలంగాణలో జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెన తీసుకోవడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆమెది గోదావరి జిల్లా, ఆ ఆచారం ఆమె ఇంట్లో ఉందో లేదో తెలియదు. ‘ఏ ఊరు నాయనా మనది’ అని మాత్రం అడిగారు. ఆకులు కొంగున ముడేసుకున్నారు. మంట మండుతూనే ఉంది. పచ్చికొమ్మ కోశాక దాన్ని ఆర్పితే ఏమిటి, ఆర్పకపోతే ఏమిటి?

పోయేటప్పుడు మిగిలిన పులావు, అప్పడాలు ప్లాస్టిక్ కవర్లలో కట్టి ఇచ్చారు. తన డొక్కు గిన్నెలోకి వంపుకొని కవర్లు తిరిగి ఇచ్చేశాడు. ‘వద్దన్నా, ఒంటెలు తింటయి. నిరుడొకటి గట్లనే సచ్చిపొయింది. కడుపు కోస్తే అన్నీ కవర్లే.’ ఈలోగా నలుగురైదుగురు అతనితో సెల్ఫీలు తీసుకున్నారు. అతని ఫోను నంబరు మాత్రం ఎవరూ తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. బాగానే పట్టింది. కానీ ఆ వారమంతా ఆ చెట్టు గురించి చదివాను. పదకొండేళ్లు దాని పక్కనుంచి బండి తోలినవాణ్ణి, అదేమిటో చదవడానికి ఒక వారం పట్టింది.

ఇక్కడ దాని పేరు ఘాఫ్. ఈ దేశం 2008లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని సహన సంవత్సరంగా జరిపినప్పుడు ఊరంతా పెట్టిన గుర్తు ఇదే. అది నరకడం ఇక్కడ నేరం. ఆ రాత్రి ఎవరైనా చూసి ఉంటే సంఘం పేరు వేరే విధంగా పత్రికల్లోకి ఎక్కేది. రాజస్థాన్‌లో దాన్ని ఖేజ్రీ అంటారు, అక్కడ అదే రాష్ట్ర వృక్షం. కన్నడంలో బన్ని, తమిళంలో వన్ని, మనకు జమ్మి. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచింది దీని మీదే. 2014లో తెలంగాణ తనకు రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ దీన్నే. మనం పూజించే చెట్టు, ఈ దేశం జెండాలా మోసే చెట్టు ఒకటేనని ఇన్నేళ్లలో మన సంఘాల వేదికల మీద ఒక్కరు చెప్పగా నేను వినలేదు. దసరా సంబరాలకు గొప్ప గొప్ప గాయకుల్ని పిలిపిస్తాం. జమ్మి పూజకు మాత్రం కుండీలో ఏదో కొమ్మ గుచ్చుతాం, అసలు చెట్టు గంట దూరంలో ఉండగా.

సర్కారు తుమ్మతో పొరబాటు పడటం నా ఒక్కడికే చెందదు. రెండూ దగ్గరి చుట్టాలు. అమెరికా ఖండం నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన చెరువు గట్లను ఆక్రమించినట్టే ఇక్కడి లోయల్లోనూ పాకిపోయింది. తేడా అతను చెప్పినట్టే ఉంటుంది. తుమ్మకు కణుపుల దగ్గర జంటగా పొడవాటి ముళ్లు. జమ్మికి కణుపుల మధ్య అక్కడక్కడా చిన్న చిన్న ముళ్లు, వేలాడే సన్నటి రెమ్మలు. మర్నాడు వెలుతురులో చూస్తే ఇంకొకటి కూడా కనబడింది. ఆ చెట్ల గుబురు అడుగు భాగం కత్తెరతో సమం చేసినట్టుంది, అన్ని చెట్లకూ ఒకే ఎత్తులో. ఒంటె మెడ ఎంత పైకి అందుతుందో అక్కడ ఆకు ఆగిపోయింది. ఆ గీత కిందనే, ఒంటెలు మేసేసిన చోట, మనం ‘ఎండిన’ కొమ్మను కోశాం.

ఈ చెట్టు వేరు ముప్ఫై మీటర్ల లోతు దాకా నీటిని వెతుక్కుంటూ పోతుందంటారు. పైన ఇసుక తప్ప ఏమీ లేని చోట అది పచ్చగా ఉందంటే కింద ఎక్కడో తడి ఉందని లెక్క. చిక్కుడు జాతిది కనుక నేలకు సారం ఇస్తుంది. ఆకు ఒంటెలకూ మేకలకూ మేత. కాయల్ని రాజస్థాన్‌వాళ్లు సాంగ్రీ అని కూర వండుకుంటారు. ఎండాకాలం యాభై దగ్గరికి పోయే చోట నీడ దానిదే. అలాంటి చెట్టు మొదట్లో రెండేసి టన్నుల బండ్లు పదిహేడు తిప్పాం. కిందికి పోయే వేరుతో పాటు పైపైన పాకే వేళ్లూ ఉంటాయి. ఆ నేల గట్టిపడితే అప్పుడప్పుడు పడే నాలుగు చినుకులు లోపలికి దిగవు, మొలకలు రావు. నేను చూసిన ఆ గుంపులో ముసలి చెట్లే ఉన్నాయి. పిల్ల మొక్క ఒక్కటీ లేదు.

జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊరుంది. 1730లో రాజుగారి మనుషులు సున్నపు బట్టీలకు కట్టెల కోసం అక్కడి ఖేజ్రీ చెట్లు కొట్టడానికి వచ్చారు. అమృతా దేవి అనే బిష్ణోయీ ఇల్లాలు చెట్టును కావలించుకొని నిలబడింది. ఆమెనూ, ఆమె కూతుళ్లనూ, వెనకే వచ్చినవాళ్లనూ నరికారు. మొత్తం 363 మంది. ఆ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఏదో ఉపన్యాసంలో నేనే చెప్పాను కూడా. అది ఈ చెట్టు కథేనన్నది మాత్రం తెలియదు. వాళ్లు కూడా కట్టెల కోసమే వచ్చారు.

కవర్ల మాట. దుబాయిలో కేంద్ర పశువైద్య పరిశోధనశాల ఒకటి ఉంది. అక్కడివాళ్లు 2008 నుంచి పరీక్షించిన సుమారు 30,000 ఒంటెల్లో 300కు పైగా ఒంటెలు కడుపులో ప్లాస్టిక్ గడ్డ కట్టి చనిపోయాయి. కవర్లు, తాళ్లు, అన్నీ ఉప్పుతో కలిసి రాయిలా బిగుస్తాయి. ఒంటెకు కడుపు నిండినట్టే ఉంటుంది, మేత మానేసి పస్తులతో పోతుంది. బయటికి తీసి తూచినవాటిలో ఒక గడ్డ 63 కిలోలు దాటింది. పెద్దమనిషి బరువు. జగిత్యాల కుర్రాడికి ఈ లెక్కలు తెలియవు. అతను కడుపు కోసి చూశాడు. మరి మన శిబిరాల్లో కాగితపు పళ్లెం, ప్లాస్టిక్ గ్లాసు, కవరు లేకుండా ఒక్క ముద్ద నోట్లోకి పోదు. పొద్దున చెత్త ఏరతాం, నిజమే. పెద్ద సంచిలో వేసి ముడికట్టి బండి వెనక వేలాడదీస్తాం. ఆ సంచి మూడో తిన్నె దగ్గర చిరిగి సగం రాలిపోవడం చివరి బండిలోవాడికి కనబడుతుంది. నిరుడు పదకొండు చోట్ల బండి దిగి ఏరాను. గాలి ఎత్తుకుపోయినవి దొరకలేదు.

మీ ప్రకటనలో నన్ను కొరికిన మాట ‘నిర్మానుష్యం’. ఫాసిల్ రాక్ దగ్గరి ఫాయా కొండలను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2 లక్షల 10 వేల ఏళ్ల నాటి నుంచి మనుషులు అక్కడ ఉండి వెళ్లిన ఆనవాళ్లున్నాయి కనుక చేర్చింది. నిరుడు తిన్నె అవతల ముగ్గురు మనుషులు దొడ్డి కాస్తూ ఉన్నారు, వాళ్లలో ఒకడు మన భాష మాట్లాడాడు. ఇంకా దక్షిణాన, ప్రపంచంలోనే పెద్ద ఇసుక సముద్రం ఉంది కదా, దాని పేరు రుబ్ అల్ ఖాలీ. అందులో ‘ఖాలీ’ మన ఇంటి ముందు బోర్డు మీద రాసే ‘ఖాళీ’యే, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనదాకా నడిచి వచ్చింది. ఆ పేరు బయటివాళ్ల నోట్లోనే ఎక్కువ. 1940లలో ఎడారి సంచారులైన బద్దూలతో కలిసి ఒంటెల మీద దాన్ని దాటిన విల్ఫ్రెడ్ థెసిగర్ రాసినదాన్ని బట్టి, అక్కడ బతికేవాళ్లు దాన్ని ఉత్త ‘ఇసుక’ అనేవారు. తాము ఉన్న చోటును ఎవరైనా ఖాళీ అని ఎలా అంటారు? ఆ మాట తీసేయండి. ప్రకటన కాస్త పొట్టిదవుతుంది, అంతే.

కార్యవర్గాల సంగతి నాకు తెలుసు గనుక మీరు ఇది చదివాక ఏమంటారో ఊహించగలను. ‘వంద ఘాఫ్ మొక్కలు నాటుదాం, బ్యానరు కట్టిద్దాం’ అంటారు. దయచేసి వద్దు. నాటిన మొక్క వేరు నీళ్లదాకా దిగడానికి ఏళ్లు పడుతుంది, అందాకా దానికి నీళ్లెవరు పోస్తారు? బ్యానరు పోస్తుందా? ఉన్న చెట్టుకు యాభై అడుగుల ఇవతల బండి ఆపితే అంతకన్నా పెద్ద పుణ్యం. నీడ కావాలంటే నడిచి వెళ్లి కూర్చుందాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను చేయి పట్టుకొని తీసుకెళదాం, అది కూడా వనభోజనంలో భాగమే.

బండ్లు ఒక గుంపుకు ఎనిమిది మించనీయకండి. ఇరవై బండ్లు వస్తే మూడు గుంపులు చేయండి, ఒక్కోదానికి ముందు ఒకరు, వెనక ఒకరు అనుభవమున్నవాళ్లు. ‘అనుభవం అక్కర్లేదు’ అన్న మాట నడిపేవాళ్లకు చెల్లుతుంది, నడిపించేవాళ్లకు చెల్లదు. ఒంటిగంట అంటే ఒంటిగంటకే, రానివాళ్లు రోడ్డు మీదినుంచే నమస్కారం పెట్టి వెనక్కి పోవాలి. ఈ నియమం అమలు చేసేవాళ్లకు ఆ ఏడాది ఎన్నికల్లో ఓట్లు తగ్గుతాయని ఒప్పుకుంటున్నాను. స్టీలు పళ్లాలు తెచ్చుకోమనండి, మన ఇళ్లల్లో అవి లేకపోవడం ఎక్కడిది? మంట నేల మీద కాకుండా ఇనుప తొట్టిలో వేయండి, బూడిద తొట్టితో పాటే తిరిగి వస్తుంది.

పాటలు వద్దని అనను. పాట వినబడకపోతే ఆ మనిషి వచ్చేవాడు కాదు.

జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం ఒక్కణ్ణే వెళ్లాను. ఒంటరిగా ఇసుకలోకి పోకూడదని అందరికీ చెప్పేవాణ్ణి నేనే, అయినా వెళ్లాను. డబ్బాలో పులిహోర పట్టుకెళ్లాను. కోసిన చోట బంక కారి నల్లగా గట్టిపడి ఉంది. చెట్టు చచ్చిపోలేదు. పై కొమ్మ మీద పాలపిట్ట ఒకటి కూర్చొని ఉంది, ఇక్కడ అవి మామూలే, తోటల్లో బోలెడు. నేను దగ్గరికి పోయేసరికి నీలం రెక్కలు విప్పి ఎగిరింది. తిన్నె ఎక్కి అవతల చూస్తే దొడ్డి లేదు. మేత అయిపోతే దొడ్డి మారుస్తారట. ఒంటె పెంట, విరిగిన నీళ్ల తొట్టి, కంచె గుంజలు పాతిన గుంటలు ఉన్నాయి. ఎటు పోయారో చెప్పేవాళ్లు లేరు. అతని పేరు కూడా నేను అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఈ ఏడు మీరు ఎక్కడ దిగినా దగ్గరలో దొడ్డి ఏదైనా ఉందేమో ముందురోజే చూసి రండి. ఉంటే వెళ్లి భోజనానికి పిలవండి, మన భాషవాడైనా, సూడాన్ వాడైనా. వచ్చినవాళ్ల నంబర్లు రాసుకొని సంఘం పుస్తకంలో పెట్టండి. జగిత్యాల మాట వినబడితే నాకు కబురు చేయండి.

కట్టెలు నేను తెస్తాను. మదామ్ రోడ్డు మీద అమ్ముతారు, నాలుగు బస్తాలు నా ఖర్చు. ఈసారి వాటిని నా బండిలోనే ఎక్కిస్తాను, చివరి బండిలో. చోటు ఉంటే ఇద్దరు పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టగలను. భీమవరం అమ్మగారు మళ్లీ వస్తున్నారట, ఆమెకు ముందు సీటు ఉంచండి.

మీలో ఒకడు,
షార్జా